వెనక వైపు ఏది?

మాంగ్‌కాక్ చేపల వీధిలో
బట్టల కొట్లో తానుల్లా
సముద్రాల్ని చుట్టలు చుట్టి నిలబెడతారు.
అడుగుకి ఇంతని కత్తిరించి ఇస్తాడు క్వోక్.

ముందు పగడాల దిబ్బ పరిచాడు.
దాని మీద అచ్చేసిన చేపలు
మేం కొన్నవాటికంటే బొద్దుగా ఉన్నాయి.
"వద్దు" అంది అక్క,
"వాటిని చూసి ఇవి చిక్కిపోతాయి."
తర్వాత, మునిగిపోయిన రాతి స్తంభాలు.
ఎవరి కోటో, ఎప్పుడు కూలిందో.
మా మెట్ల మలుపులో పెచ్చులూడిన గోడ ఉంది,
కూలినవి చూడాలంటే అది చాలు.
వెదురు తోపు తీశాడు. నీళ్లలో వెదురేంటని నేను.
ఉత్త నీలం తీశాడు.
బాగానే ఉంది గానీ, ఒక్క మడత పడిందంటే
ఇస్త్రీ చెయ్యని ఆకాశంలా ఉంటుంది.

అప్పుడు క్వోక్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి
"ఇంతకీ మీ తొట్టికి వెనక వైపు ఏదమ్మా?" అన్నాడు.

ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం.

ఎలా చెప్పడం?
మాకున్నది ఒక్క గది.
మధ్యలో ప్లైవుడ్ అడ్డం,
దానికి కోసిన కంతలో తొట్టి.
అటు వాయ్‌ఫాన్ అక్క మంచం, ఇటు నాది.
రాత్రంతా రొట్టెల బట్టీలో పిండి పిసికి
కనుబొమల మీద ఆ పిండితోనే
తెల్లవారుజామున వచ్చి పడుకుంటుంది.
ఆరింటికి నేను దీపం వేసి
ఆసుపత్రి లాండ్రీకి పోవడానికి
రెండో చెప్పు వెతుక్కుంటుంటాను.
రాత్రి తొమ్మిదికి నేను కన్ను మూస్తే
ఆమె దీపం వేసి తల దువ్వుకుంటుంది.
ఎవరు వేసినా ఆ వెలుగు తొట్టిలోంచి ఈదుకుంటూ వెళ్లి
రెండోవాళ్ల రెప్పల మీద వాలుతుంది.

వెనక వైపంటే, ఎవరు నిద్రపోతుంటే వాళ్ల వైపు.

"నలుపివ్వండి, రెండడుగులు" అంది అక్క.
"జిగురొద్దు."

లాండ్రీ నుంచి నాలుగు క్లిప్పులు నేను తెచ్చాను.
పొద్దున అటు తగిలిస్తాను,
రాత్రి ఆమె పీకి ఇటు తగిలిస్తుంది.
మొదటి నాలుగు రోజులూ మచ్చల చేప
నిన్న చీకటి ఉన్నచోటికి పోయి
నా మొహం కనపడి ఉలిక్కిపడేది.
తర్వాత దానికీ అలవాటైంది.
క్లిప్పు చప్పుడు వినగానే ఇల్లు మారేది.

నలుపు కాగితానికి వెనక తెల్లగా ఉంటుంది.
దాని మీద అక్క పెన్సిలుతో రాయడం మొదలెట్టింది.
గుడ్లు అయిపోయాయి.
గొడుగు పట్టుకెళ్లు.
నిద్రలో పళ్లు కొరుకుతున్నావ్, డాక్టరుకి చూపించు.
కింద నేను రాసేదాన్ని:
తెచ్చాను. మర్చిపోయాను. నువ్వు మాత్రం గురక పెట్టవా?
ముందు చేపలు,
చదువుకోవడానికి మాత్రం వెనకవైపే.

ఎనిమిదో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేసిన రోజు
బట్టీ మూశారు, నన్నూ రావద్దన్నారు.
కిటికీ సందులోంచి వాన లోపలికి చిమ్ముతుంటే
అక్క చేతికందిన నలుపు కాగితం పీకి
చుట్ట చుట్టి సందులో కుక్కేసింది.
రెండు నెలల గుడ్లూ గొడుగులూ
అందులో తడిసి ముద్దయ్యాయి.

మధ్యాహ్నం రెండింటికి
ఎవరి మంచం మీద వాళ్లం, మెలకువగా.
తొట్టికి వెనకంటూ లేదు.
నీళ్లవతల అక్క మొహం
చెంప ఒక పక్క సాగి, గడ్డం రెండుగా విరిగి.
చెవి పక్కన ఆ తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయి?
పిండేమో అనుకున్నాను.
ఈరోజు పనికే వెళ్లలేదుగా.

మచ్చల చేప ఆమె చెవి దగ్గర బయల్దేరి
నా ముక్కు దాకా వచ్చి, మళ్లీ వెళ్లింది.
అక్క పెదవులు కదిలాయి.
నీళ్లు మాట దాటనివ్వలేదు.
"ఏంటీ?" అని చెక్క మీంచి అరిచాను.

"గుడ్లున్నాయా అని."

"నాలుగున్నాయి."

లేచి పొయ్యి వెలిగించాలని
ఇద్దరికీ అనిపించలేదు, చాలాసేపు.