గుంతలో నీళ్లు

రాత్రంతా ఉరవకొండ మీద వాన.
తెల్లారేసరికి నా గుంతమగ్గంలో
మోకాలిబంటి నీళ్లు.
పడుగు తడిసి వదులైంది.
షావుకారికి చీర ఇయ్యాల్సింది శుక్రవారం.

ఎదురింటి ఓబుళమ్మ
ఈ వానకోసమే మూడేండ్లు మొక్కింది.
చెనిక్కాయ ఇత్తనం నెత్తిన పెట్టుకొని
దోవలోంచే అరిచింది:
"సామి ఇన్యాడు గదా, కుళ్లాయన్నా!"

ఇన్యాడు.
నా మాటా ఇనే ఉంటాడు.
రేషను షాపు కాడ మాదిరి
వరసలో నిలబెట్టినాడేమో.

చెంబుతో నీళ్లు ఎత్తిపోసినా.
అడుగు తేమ తోడితే రాదు,
దానంతట అది ఆరాల.

అంతదాకా
గడప కాడ కూచోని
బూడిద అంటిన వేళ్లతో
తెగిన పోగులు అతుకుతాన్నా.
నాలుగువేలల్లో ఎన్నోదో మర్చిపోయినా.
మొదటికి పోలేదు.
చేతికందిన పోగు కాన్నుంచే.