మూడో డివిజన్ కప్పు, చీమకుర్తి

గీతలు సున్నంతో కాదు,
పాలిషింగ్ యూనిట్ నుంచి బస్తాలో మోసుకొచ్చిన
రాతిపొడితో గీశాం.
హాఫ్‌టైముకే గాలి పెనాల్టీ బాక్సును ఎత్తి
జనం తలల మీద పోసింది.

తొంభై నిమిషాలూ సున్నా సున్నా.
మధ్యలో క్వారీలో మందు పేలితే
రెఫరీ ఒక్కడే ఉలిక్కిపడ్డాడు. నెల్లూరు మనిషి.

ఐదో పెనాల్టీ.
మా మాలకొండయ్య సరిగ్గా అటే దూకాడు.
బంతి అతని ఎడంచేతి దాకా వచ్చి,
గ్లవ్సులో ఖాళీగా ఉన్న రెండు వేళ్ళను మడిచి
లోపలికెళ్ళింది.

రంపం మిషను మాట
ఎవరమూ ఎత్తలేదు.

కావలి కెప్టెన్ కప్పులో గోలీసోడా పోసి
ముందు అతనికే అందించాడు.
తాగాడు. మూతి తుడుచుకున్నాడు.
"గ్లవ్స్ లూజబ్బా," అన్నాడు,
"సైజు తప్పు తెచ్చినారు."