మీటరున్నర

ఉత్తర సముద్రంలో మా దిబ్బ.
చలికాలం నీళ్లు చుట్టుముడితే
నాలుగిళ్లు, నూటపది గొర్రెలు, ఒక చర్చిగంట,
అంతే ప్రపంచం.

ఇంజనీరు బ్రోడర్సెన్ వంటబల్ల మీద ప్లాను పరిచి
చుట్టుకుపోకుండా మా చక్కెర డబ్బా పెట్టాడు.
"దిబ్బ మీటరున్నర పెంచాలి.
మట్టి పోయాలంటే ముందు ఇల్లు తియ్యాలి."

ఇల్లు నిలవడానికి ఇల్లు కూల్చడం!
నోమెన్ నవ్వాడు. తర్వాత నవ్వలేదు.
వద్దంటే అవతలి ఒడ్డున ఫ్లాటిస్తారట,
మూడో అంతస్తు, లిఫ్టుంది.

నేను ప్లానులో వెతికాను.
కొట్టం ఉంది, మంచినీటి గుంట ఉంది,
తూర్పు వాలులో అత్తగారు లేదు.
"ఆవిడ్నీ ఎత్తుతారా,
పైన మట్టి పోసేస్తారా?"
అతను పెన్సిలు చెవి వెనక దోపుకుని
చక్కెర లేని టీని చాలాసేపు కలిపాడు.

"ఎన్నాళ్లకు సరిపోతుంది?"
"ఎనభయ్యేళ్లు. లెక్క తప్పకపోతే."
ఉప్పునీటికి లెక్కలు రావని
అతనికీ తెలుసు.

సంతకం పెట్టేముందు
నోమెన్ ఒక్కటే రాయించాడు:
వీధి తలుపు పగలగొట్టకూడదు, విప్పాలి.
కొత్తింటికీ అదే.
సముద్రం వచ్చి తట్టే చప్పుడు
మాకు ఆ చెక్క మీదే తెలుసు.