తడ ఉందా?

మాధవరంలో టైర్ల గోడౌను అంటుకున్న రాత్రి
నాకు పైపు ఇవ్వలేదు, నిచ్చెన ఇవ్వలేదు.
కలకత్తా రోడ్డు పక్కన మూతపడ్డ వేబ్రిడ్జి దగ్గర
ఒక టార్చి, ఒక వాకీటాకీ, గళ్ళ నోటుబుక్కు చేతికిచ్చి
"ఏకాంబరం, వచ్చినవాళ్ళని ఆపు" అన్నారు.

మంటకి కిలోమీటరు ఇవతల,
మంటలోకి దూకుతామని వచ్చేవాళ్ళని
ఆపడం నా పని.

బండి ఎక్కడిది, మనుషులెందరు, నీళ్ళెన్ని,
వచ్చిన టైము, పంపిన టైము, చేసిన పని.
ఆరు గళ్ళు.
మణలి రిఫైనరీ నురగబండి వచ్చింది.
హార్బరు వాళ్ళది వచ్చింది, పెయింటు ఇంకా ఆరనట్టు మెరుస్తూ.
అంబత్తూరు వాళ్ళు దిగుతూనే తిట్టారు:
"అక్కడ తగలబడుతుంటే ఇక్కడ కూపన్లు రాస్తున్నావా?"
రాసుకున్నాను: ఆరుగురు, నాలుగున్నర వేల లీటర్లు.

అందరూ ఒక్కసారి లోపలికి పోతే ఏమవుతుందో
పదేళ్ళ కింద కొరుక్కుపేటలో చూశాను.
సందులో మూడు బండ్లు మూతులు ఒరుసుకుని,
ఒకడి పైపు మీద ఇంకొకడి చక్రం,
నలుగురు ఆఫీసర్లు నాలుగు దిక్కులు చూపిస్తుంటే
ఆ రాత్రి ఒక్క మాట మీద ఉన్నది
మంట ఒక్కటే.

ఇవాళ మాట పూంగుళలి మేడంది.
జీపు బానెట్ మీద సుద్దముక్కతో గోడౌను గీసి, గాలి గీసి,
నాలుగు మూలలకీ నాలుగు పేర్లు పెట్టిందట.
ఆమెకన్నా పెద్ద హోదా ఆయన రెండింటికి వచ్చి
"నేనేం చెయ్యాలి?" అని అడిగాడట.
ఈ 'ట'లన్నీ వాకీటాకీవి. నేను మంటని చూడలేదు,
ఆకాశానికి పట్టిన మసిని చూశాను.

పన్నెండుంపావుకి ఉత్తరం నుంచి ఒక ఎర్రబండి.
నంబరు మనది కాదు. ఆరంబాక్కం చెక్‌పోస్టు దాటి,
తడ నుంచి.
డకి గుడి ఇస్తే తడి, అనుకున్నాను.
దిగినాయన చెంగయ్య, నెరిసిన మీసం.
"యాడికి పోవాల నాయనా?"
ముప్పైయేళ్ళ సర్వీసులో డ్యూటీ మీద
నాతో ఎవరూ తెలుగు మాట్లాడలేదు.
ఇంటి భాషలో ఆగమనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.
"ఆగాలన్నా."

ఆగాడు.
డ్రైవరు మస్తానయ్య స్టీరింగు వదల్లేదు.
కుర్రాళ్ళిద్దరు బూట్లు విప్పకుండా రోడ్డంచున కూర్చున్నారు.
మా కప్లింగుకి వాళ్ళ పైపు పట్టకపోతేనో అని
చెంగయ్య గోనెసంచిలోంచి ఇత్తడి అడాప్టరు తీసి
తువ్వాలుతో తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు.

ఒంటిగంటకి మేడం గొంతు: "తడ ఉందా?"
"ఉంది."
అంతే.
అంబత్తూరు లోపలికి పోయింది.
నురగబండి పోయింది, ఖాళీ అయి వచ్చింది, మళ్ళీ పోయింది.
రెండున్నరకి: "తడ ఉందా?"
"ఉంది."
పిలుపేమోనని ఒక కుర్రాడు లేచాడు.
మళ్ళీ కూర్చున్నాడు.

నాలుగింటికి ఆమె గొంతు కూడా మసిబారింది.
"తడ ఉందా?"
ఈసారి చెంగయ్యే నా చేతిలోని సెట్టు మీదికి వంగి
"ఉండాం తల్లీ" అన్నాడు.
ఆమెకి తెలుగు రాదు.
కాసేపు గరగర. తర్వాత
పడమటి మూలవాళ్ళతో అనడం విన్నాను:
"ఉన్నదంతా కొట్టెయ్యండి. ఏమీ దాచొద్దు."

మా అమ్మ డబ్బా అడుగున ఒక సోలెడు బియ్యం
ఎప్పుడూ ముట్టేది కాదు.
ఆ సోలెడు ఉందనే
మిగతాదంతా చెయ్యి వణక్కుండా వండేది.

తెల్లారేసరికి పొగ తెల్లబడింది. టీ సైకిలు వచ్చింది.
తడ బండి ట్యాంకులో చుక్క తగ్గలేదు.
"మా నీళ్ళు మద్రాసు చూసొచ్చినాయి" అని నవ్వి
చెంగయ్య బండెక్కాడు.

ఆరో గడి మిగిలింది.
ఖాళీగా వదిలితే ఆఫీసులో సున్నా చుడతారు.
పుస్తకం మొత్తం తమిళంలో రాసినవాణ్ణి
అక్కడ మాత్రం అమ్మ నేర్పిన వంకర అక్షరాలతో
'ఉన్నారు' అని రాశాను.

వేబ్రిడ్జి గట్టు మీద ఏదో మెరిసింది. అడాప్టరు.
మధ్యాహ్నం తడ స్టేషన్ నుంచి ఫోను:
"నాయనా, అది ఆడనే ఉండాదా?"
"ఉందన్నా."
"ఉండనీలే."