నా వేషం వేసిన అమ్మాయి

వడపళనిలో నా వంటిల్లు సెట్టు వేశారు.
గోడకి మసి కూడా పులిమారు, బ్రష్షుతో.
నాకు పదహారేళ్ళు పట్టిన మసి అది.
వాళ్ళకి ఒక పూట.

నా వేషం వేసిన అమ్మాయి
పెసరట్టు తిప్పడం నేర్చుకోవడానికొచ్చింది.
గోళ్ళకి రంగు, పెనమంటే భయం.
మొదటిది చిరిగింది. రెండోది మాడింది.
మూడోది లైట్‌బాయ్ మురుగేశన్ తినేసి
"నల్లా ఇరుక్కు" అన్నాడు. పాపం, ఆకలి.

సినిమాలో మా ఆయన
మెస్సు బోర్డు కింద కొబ్బరికాయ కొడతాడట.
ఆవేళ ఆయన అన్నది,
"ముందు ఇంట్లో వండి తగలడు, తాయారూ."
డైరెక్టరు తల గోక్కున్నాడు:
"అది పెడితే జనం నవ్వరమ్మా."
నేను నవ్వాను కదా నాయనా,
కాకపోతే ఇరవై ఏళ్ళకి.

"మీ ఆశయం ఏంటాంటీ?" అనడిగింది ఆ పిల్ల.
ఏం చెప్పను?
పదిమంది టోకెన్లు కొన్న రాత్రి
పదిహేనుమందికి పెసలు నానబోశాను.
అంతే.

ఆఖరి షాటుకి పొగ మిషను పెట్టారు.
ఒక్క కన్నూ మండలేదు ఆ పొగకి.
అమ్మాయి చెయ్యి మాత్రం నిజంగానే చురుక్కుమంది.
"అమ్మా" అంది.
డైలాగనుకుని ఎవరూ కట్ చెప్పలేదు.
చన్నీళ్ళ గ్లాసుతో నేనే లేచాను,
ఆ ప్లైవుడ్ గడప ముందు
చెప్పులు విప్పి.