తొంభై అయిదుకి లోపల

నూట మూడు చూపించింది మీటరు.
పైపు మూతికి అర మీటరు దూరం, నలభై అయిదు డిగ్రీల వాలు,
ఇంజను నాలుగున్నర వేల చుట్లు తిరుగుతుంటే
ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు పరీక్ష చేసే కుర్రాడు.
హద్దు తొంభై అయిదు.
"కుదరదండి" అన్నాడు మర్యాదగా,
పంక్తిలో ఇక విస్తరి లేదని చెప్పినట్టు.

మైథిలి హెల్మెట్ తీయలేదు.
అద్దం వెనక కళ్లు నన్నే చూశాయి.
వెల్డింగు నాది కదా.

ముప్ఫై ఏళ్లు నరసాపురం రేవులో
పడవ ఇంజన్లకి పొగగొట్టాలు అతికాను.
సముద్రం మీద చప్పుడికి గట్టు ఎవడేస్తాడు?
నా ఎడమ చెవి అక్కడే ఏదో పూట
వలతో పాటు నీళ్లలోకి జారిపోయింది.
ఇప్పుడు పాలకొల్లు రోడ్డులో షెడ్డు,
ఏరియేటర్ల రెక్కలు, ట్రాక్టరు హుక్కులు,
ఏడాదికోసారి ఈ ఇందుకూరి వారమ్మాయి కారు.

ట్రాకంటే ఏం లేదు, పాత రొయ్యల చెరువే.
తెల్లమచ్చ తెగులుకి మూడు పంటలు పోయాక
పూడ్చేసి తారు పోశారు.
చుట్టూ కోసిన వరిమళ్లు, మళ్లలో బాతులు.
బాతుల సూరమ్మ అర్జీలోంచే పుట్టింది ఆ తొంభై అయిదు:
"అయ్యా, కార్లు తిరిగిన రోజున
నా నాలుగొందల బాతులూ
గుడ్డు లోపలే దాచేసుకుంటున్నాయి."
ఆఫీసంతా నవ్వింది.
తాసిల్దారు నవ్వలేదు.

రాత్రి సైలెన్సరు పొట్ట కోశాం.
గాజునారు మాడి, సగం ఎగిరిపోయి
చిల్లుల గొట్టం ఎముకలా తేలింది.
విశాఖపట్నం ఫోన్ చేస్తే సోమవారం అన్నారు.
రేసు ఆదివారం.

"కొబ్బరి పీచుందిగా బాబాయ్" అన్నాడు నూకరాజు.
వద్దన్నాను. మైథిలీ వద్దంది.
వాడు కూరేశాడు.
తొమ్మిది నిమిషాలు బండి పిల్లిలా గుర్రుమంది.
పదో నిమిషానికి
కోనసీమ పొయ్యిలన్నీ ఒక్కచోటే రాజుకున్న వాసన.

మూడు తగ్గితే సగం తగ్గినట్టట, ఆ లెక్క నాకు అమ్మాయే చెప్పింది.
ఎనిమిది తగ్గాలంటే
ఆరో వంతు కూడా మిగలకూడదు.

నాకో ఉపాయం తోచింది, దాచడమెందుకు.
"మీటరు పడమటి పక్క పెడతారు కదమ్మా,
పైపు మూతి తూర్పుకి తిప్పేద్దాం."
ఆవిడ చాలాసేపు బోల్టులు ఏరుకుంటూ కూర్చుంది.
"తూర్పునే ఉన్నాయండి బాతులు" అంది.

ఆయ్, అలా తెల్లారింది మాకు.
ఉప్పుడు బియ్యం మిల్లులో మూలపడ్డ బాయిలరు గొట్టం మీంచి
గాజునారు చుట్టలు విప్పుకొచ్చాం, ఒళ్లంతా దురద.
దాని కింద పొరకి
అంట్లు తోమే స్టీలు పీచు అరవై పొట్లాలు.
"పెళ్లేంటండీ?" అన్నాడు కొట్టువాడు.
ఒకటి చాలక రెండు డబ్బాలు అతికాను.
నాలుగు కిలోల బరువు,
ల్యాపుకి అర సెకను నష్టం.
"పోనీ" అంది మైథిలి, ఆ మాట తేలిగ్గా రాలేదు.

నేను చెవితో వినను.
స్పానరు పళ్ల మధ్య పెట్టుకుని
రెండో కొస డబ్బాకి ఆనిస్తాను.
దవడలోకి ఎక్కుతుంది చప్పుడు.
నిన్నటి దాకా ఇసుక నమిలినట్టుండేది,
ఇవాళ
నానిన బియ్యం.

తొంభై నాలుగు పాయింట్ ఆరు.
కుర్రాడు రెండోసారి కొలిచాడు, నమ్మక.

అయిదో ల్యాపులో ఆవిడ నాలుగో స్థానంలో ఉంది.
అందరూ మలుపు చూస్తున్నారు, నేను మళ్లు చూస్తున్నాను.
నాలుగొందల ముక్కులూ బురదలోనే.

కంచె అవతల నుంచి ఎవరో ఏదో అడిగారు, ఎడమ పక్క.
కుడి చెవి తిప్పాను.
సూరమ్మ, భుజాన కర్ర:
"ఏమయ్యా, ఇంకా మొదలెట్టలేదా?"