ఉడుముకు కొత్త అంగీ

చెంగల్రాయులు మళ్లీ వచ్చినాడు సంతపేటలో నా కొట్టుకు.
ఇరవై ఆరేళ్ల కిందట వచ్చినప్పుడు
నా మిషను పలక ఎత్తుండేవాడు.
ఇప్పుడు పాలవ్యాను తోలే మనిషి.
పక్కన కూతురు తనూజ,
దాని చేతిలో సెల్లు, సెల్లులో ఒక నల్లటి బొమ్మ.
"దస్తగిరి మామా, ఉడుము మనిషి మళ్లీ వచ్చినాడు,
ఈసారి నల్లగా."

తెలుసబ్బా. నేనూ చూసినా,
ఆదివారం, రెండో ఆట,
నలభై మంది కూడా లేరు.

పాత ఉడుము గుర్తుండాడా నీకు?
ఆకుపచ్చ సాటిను, మోకాళ్ల దగ్గర ముడతలు,
వెనకాల దూది కూరిన తోక.
గోడెక్కేటప్పుడు తాడు కనిపించేది మనకు.
తాడు కనిపించిందని ఈల ఆపినోడు లేడు.
పట్టుకుంటే వదలడు, అంతే ఆయన కత.
మీ అమ్మ రవిక మిగులు గుడ్డతో నీకూ కుట్టిస్తిని,
మర్నాడే ఇస్కూలు గోడ మీది నుంచి దూకి
మోచెయ్యి విరగ్గొట్టుకుంటివి.
పుత్తూరు కట్టు కట్టించుకోని వచ్చి
మీ నాయన నా గడప మీదే కూలబడినాడు:
"చెయ్యొస్తే చాలు సామీ, ఉడుమొద్దు."

కొత్తది బాగలేదని అననులే.
ఆ తొడుగుకు కుట్టు ఏడుందో
రెండు గంటలూ వెతికినా, దొరకలేదు.
కొట్లాటలో ఎవురు ఎవుర్ని కొడతా ఉండారో తెలిసింది,
పాతదాంట్లో దుమ్మే దుమ్మును కొట్టేది.
వాళ్లమ్మకు ఈసారి పేరు పెట్టినారు,
పేరుతో పాటు ఒక ఉద్యోగం, రవంత కోపం.
పాపం, ముందు ఆమె దగ్గడానికే వచ్చేది.

అయితే వాళ్ల నాయన్ను మళ్లీ చంపినారు కదబ్బా.
ఆయన పోతాడని మనకు తెలీదా?
గడియారం చూపిస్తానే లేచి టీకి పోయినా,
తాగి వచ్చినా,
ఇంకా చస్తానే ఉండాడు.
తెరంతా చీకటి, పట్టపగలు కూడా మబ్బే.
ఒక్కసారైనా జారి పడడు, ఒక్కసారైనా నవ్వడు.
ఆఖర్లో ఆకాశం చిరిగింది.
దాన్ని రెండో భాగంలో కుడతారంట.

పాత ప్యాంటు తెచ్చి పిల్లోడికి కుట్టమంటారు కదా,
అదీ నాకు తెలిసిన రీబూటు.
విప్పుతా. విప్పినాక గుడ్డలో సూది తూట్లు
చీమల బారు మాదిరి మిగుల్తాయి,
ఇస్త్రీ పెట్టినా పోవు.
తెలివైనోడు కొత్త కుట్టును ఆ తూట్ల మీదే పోనిస్తాడు.
తెలివి ఎక్కువైనోడు
తూట్లున్న అంచంతా కత్తిరించి పారేస్తాడు.
ఇంక గుడ్డ చాలదు, చంకల్లో పట్టేస్తుంది.
వీళ్లు అంచు కత్తిరించినారు.

ఒక్క తావు తప్ప.
మొదటిసారి గోడెక్కి, సగంలో నిలిచిపోయి,
పైకీ పోలేక, దిగనూ లేక,
గోడకు చెంప ఆనించి ఏడుస్తాడు ఆ పిల్లోడు.
ఎక్కడ కూర్చున్నా పెడలు తొక్కినట్టు ఊగే నా కాలు
అప్పుడు ఊగలేదు.
వదలని పట్టు లోపల ఉండేది భయమే కదా,
పాత ఉడుము మనకు ఆ సంగతి చెప్పనే లేదు.

టేపు తీసినా.
ఛాతీ ఇరవై నాలుగు. చెయ్యి పదహారు.
బిడ్డ నిలబడితేనా!
సెల్లులో బొమ్మను రెండు వేళ్లతో సాగదీసి
వెనక్కి తిప్పాలని చూస్తా ఉంది.
బొమ్మ తిరగదు.
"తాతా, దీనికి తోకేదీ?"

చెంగల్రాయులు నవ్వినాడు మోచెయ్యి రుద్దుకుంటా,
ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపుకోదు.
"కొత్తదాంట్లో లేదు తల్లీ."
"ఉడుముకు ఉంటాది కదా?"

చీటీ మీద రాసింది కొట్టేసి
మళ్లీ రాసిచ్చినా:
నల్ల గుడ్డ రెండున్నర మీటర్లు.
దూది నా దగ్గరే ఉండాది.